నూరు గుంటల ఎకరం

విద్యార్థి మిత్రులకూ, గురువులకూ, ఈ సంచిక చేతికందిన పూర్వ విద్యార్థులకూ ఒక చిన్న సంగతి మనవి చేసుకుందామని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. సంగతి నిజంగానే చిన్నది. ఒక కొలతను మరో కొలతలోకి మార్చే ఫంక్షన్ గురించి. కంప్యూటరు ల్యాబులో చేరిన మొదటి నెలలోనే మన చేత వ్రాయించి, రికార్డులో సంతకం పెట్టించి, ఆ తర్వాత ఎవ్వరూ తలుచుకోని ఆ రెండు లైన్ల ఫంక్షన్ గురించే.

"దీని మీద వ్యాసం కూడానా?" అని నవ్వుకునేవాళ్ళు మనలో చాలామంది ఉంటారు. వాళ్ళను తప్పు పట్టను. కిందటి దసరా సెలవుల దాకా నేనూ అలా నవ్వుకున్నవాణ్ణే.

ముందు ల్యాబు సంగతి చెబుతాను. ఫారెన్‌హీటు డిగ్రీలను సెల్సియస్‌లోకి మార్చటం అనే లెక్క ప్రోగ్రామింగు నేర్చుకునేవాళ్ళకు అక్షరాభ్యాసంలాంటిది. 1978లో కెర్నిఘన్, రిచీ ఇద్దరూ కలిసి సి భాష గురించి వ్రాసిన పుస్తకంలో మొదటి అధ్యాయంలోనే ఈ పట్టిక ఉంది. ఆనాటి నుంచి ఈనాటి వరకు ఎన్ని భాషలు పుట్టినా, ఎన్ని సిలబసులు మారినా, ఈ లెక్క మాత్రం చెక్కు చెదరలేదు. ముప్ఫైరెండు తీసెయ్యి, అయిదుతో గుణించు, తొమ్మిదితో భాగించు. అంతే కదా!

అంతేనని నేనూ అనుకుని సి భాషలో ముందు అయిదును తొమ్మిదితో భాగించి, తర్వాత గుణించాను. ఏ డిగ్రీ ఇచ్చినా జవాబు సున్నాయే వచ్చింది. రామగుండం ఎండకూ సున్నా, సిమ్లా చలికీ సున్నా! పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే సి భాష దశాంశ భాగాన్ని పారేస్తుంది. కనుక అయిదు బై తొమ్మిది అంటే దాని దృష్టిలో సున్నా. పైథాన్ రెండో వెర్షనులో కూడా ఇంతే. మూడో వెర్షను వచ్చాక 0.555 అని సరిగ్గా చెబుతున్నది. ఈ గుంటలో పడని విద్యార్థి ఉండడు. మా లెక్చరరుగారు నా భుజం తట్టి "ఇప్పుడు నేర్చుకున్నావు, ఇక మరిచిపోవు" అన్నారు. నిజమే, మరిచిపోలేదు.

అయితే ఈ తప్పులో ఒక మేలుంది. జవాబు చూడగానే తప్పని తెలిసిపోతుంది. అన్నీ సున్నాలే వస్తే ఎవరు నమ్ముతారు? అసలు భయపడవలసింది చూడటానికి ముచ్చటగా, నమ్మేటట్టుగా ఉండే తప్పు జవాబుకు. అది నాకు ల్యాబులో ఎదురుపడలేదు. మా ఇంటి వాకిట్లో, నులకమంచం మీద ఎదురుపడింది.

మాది తెలంగాణలో ఒక పల్లెటూరు. మా బాపు, పెద్దబాపు ఇద్దరన్నదమ్ములు. తాతనాటి భూమి మూడు ముక్కలుగా ఉంది. ఇన్నాళ్ళూ కలిసే దున్నుకున్నారు. ఊరి పక్కనుంచి రోడ్డు పడ్డాక, ధరలు ఎకరాల్లో కాక గజాల్లో చెప్పుకోవటం మొదలయ్యాక, పంచుకుంటేనే మంచిదని ఇద్దరూ అనుకున్నారు. "కంప్యూటరు చదువుతున్నవు గదా, ఎవరికెన్ని గజాలొస్తయో లెక్కజేసి పెట్టు" అని బాపు నాకు ఫోను చేసి చెప్పాడు. నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. నా చదువును మా ఇంట్లో ఒక పనికి అడగటం అదే మొదలు.

హాస్టలు గదిలో కూర్చుని అయిదు నిమిషాల్లో ఫంక్షన్ వ్రాశాను. తెలుగులో చెబితే ఇంతే:

డెఫ్ గజాలు(విస్తీర్ణం):
    రిటర్న్ విస్తీర్ణం * 4840

ఎకరానికి 4840 చదరపు గజాలు. ఇందులో అనుమానం లేదు. నా రూమ్మేటుది గోదావరి జిల్లా. అతనికి చూపించాను. కాగితం మీద 2.20 అని ఉన్న ముక్కకు 10,648 గజాలని వచ్చింది. అతను చేత్తో గుణించి చూసి, "రెండెకరాల ఇరవై సెంట్లు. కరెక్టేరా" అన్నాడు. పరీక్ష కూడా పాసయిందని సంతోషపడ్డాను. అతను "సెంట్లు" అన్నమాట నా చెవిని తాకింది గాని బుర్రకెక్కలేదు.

ఇంటికి వెళ్ళాక మూడు ముక్కలూ కంప్యూటరులోకి ఎక్కించాను. పాసుపుస్తకంలో ఉన్నది ఉన్నట్టే: 1.25, 2.20, 0.30. మొత్తం 3.75. గజాల్లో 18,150. సగానికి 9,075. తెర మీద అంకెలు అచ్చువేసినట్టుగా వచ్చాయి. పెద్దబాపు కళ్ళద్దాలు సవరించుకుని చూసి, వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకోవటం మొదలుపెట్టాడు. ఆయన ఆరో తరగతితో బడి మానేసిన మనిషి.

"ఇరవై అయిదు, ఇరవై, ముప్పై. డెబ్బై అయిదు గుంటలు. అంటే ఎకరం ముప్పై అయిదు గుంటలు. ఇటు మూడెకరాలు. మొత్తం నాలుగెకరాల ముప్పై అయిదు గుంటలు గావాలె. ఏందిరా ఇది? మనకు నలభై గుంటలకు ఎకరం. నీ మిషిను కాడ నూరు గుంటలకు ఎకరమా? ఎకరం మీద అయిదు గుంటలు యాడికి పోయినయిరా?"

నేను బిక్కమొహం వేశాను. నాలుగెకరాల ముప్పై అయిదు గుంటలంటే 195 గుంటలు. గుంటకు 121 గజాలు. మొత్తం 23,595 గజాలు కావాలి. నా లెక్కలో 5,445 గజాలు మాయమయ్యాయి. అంతకన్నా నన్ను భయపెట్టింది మరొకటి. ఆ క్షణంలో ఇద్దరన్నదమ్ములూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్క క్షణమే. కాని భూమి దగ్గర అన్నదమ్ముల మధ్య అటువంటి క్షణం ఎంత దూరం పోతుందో మన పల్లెల్లో పుట్టినవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. పెద్దబాపు వేళ్ళ మీద లెక్క రాని మనిషి అయివుంటే, నా రెండు లైన్ల ఫంక్షన్ మా ఇంట్లో ఏం చేసివుండేదో ఇప్పటికీ తలుచుకోవటానికి ఇష్టపడను.

తప్పెక్కడ జరిగింది? గుణకారంలో తప్పు లేదు. 4840లో తప్పు లేదు. భాషలో తప్పు లేదు. నా రూమ్మేటు కూడా తప్పు చెప్పలేదు. వాళ్ళ వైపు ఎకరానికి నూరు సెంట్లు. 2.20 అంటే అక్కడ నిజంగానే రెండు పాయింట్ రెండు ఎకరాలు. మా వైపు అదే 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు, 12,100 గజాలు. ఒకే కాగితం, ఒకే అంకెలు, ఒకే చుక్క. తేడా 1,452 గజాలు. మా వైపు ఆ చుక్క దశాంశ బిందువు కాదు, ఎకరాలకూ గుంటలకూ నడుమ పెట్టిన గట్టు. గట్టును చెరిపేసి రెండు మళ్ళనూ ఒకే మడిగా దున్నేశాను.

మన తాతలకు ఇటువంటి లెక్కలు కొత్త కాదు. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి నూరు నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారణాలు. రెండు రూపాయల పన్నెండణాలను 2.12 అని వ్రాసి, నేటి లెక్కలో రెండు రూపాయల పన్నెండు పైసలని చదివితే ఏమవుతుంది? అది నిజానికి రెండుంబావలా కన్నా ఎక్కువ, రెండు ముప్పావలా, అంటే 2.75. పెద్దవాళ్ళు అంకె చూడగానే "ఏమిటి?" అని అడిగేవారు. అణాలా, శేర్లా, కుంచాలా? మనం అంకె చూడగానే "ఎంత?" అని మాత్రమే అడుగుతున్నాం. నేను చెప్పదలచుకున్నది ఇదే. కొలత మార్చే ఫంక్షన్లో గుణకారం అసలు పని కాదు. చేతికిచ్చిన అంకె ఏమిటో తెలుసుకోవటమే అసలు పని. అది తెలిసినవాడు ఆ కొలతతో బతుకుతున్నవాడే గనుక, వ్రాసే ముందు వాణ్ణి అడగాలి.

పల్లెటూరి కుర్రాడి పొరపాటును పెద్దది చేస్తున్నానని అనుకోకండి. మహామహులు కూడా ఇదే గుంటలో పడ్డారు. 1983 జులై 23న ఎయిర్ కెనడావారి బోయింగు విమానం ఒకటి ఆకాశంలో ఇంధనం అయిపోయి రెండు ఇంజన్లూ ఆగిపోయింది. అప్పుడు ఆ దేశం మెట్రిక్ కొలతల్లోకి మారుతున్నది. ప్రయాణానికి 22,300 కిలోలు కావాలి. ట్యాంకులో ఉన్న లీటర్లను బరువులోకి మార్చటానికి 1.77తో గుణించారు. 1.77 అన్నది లీటరుకు పౌండ్లు. కిలోలయితే 0.8 చిల్లర. వచ్చిన పౌండ్లను కిలోలనుకుని, కావలసినదానిలో సగానికన్నా తక్కువ ఇంధనంతో ఎగిరారు. పైలట్ల నేర్పు వల్ల విమానం గిమ్లీ అనే ఊళ్ళో ఉన్న పాత వైమానిక స్థావరం మీద గాలివాటుగా దిగింది, ప్రాణాలు దక్కాయి. అక్కడ కూడా గుణకారం సరిగ్గానే చేశారు.

ఇక 1998 డిసెంబరులో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ సంగతి. భూమి మీద నడిచే ఒక ప్రోగ్రాము, నౌకలోని చిన్న ఇంజన్ల తోపుడును పౌండ్-ఫోర్స్ సెకండ్లలో లెక్కకట్టి ఇచ్చింది. దాన్ని అందుకున్న ప్రోగ్రాము అవి న్యూటన్ సెకండ్లనుకుంది. రెంటికీ మధ్య తేడా 4.45 రెట్లు. నెలల తరబడి ఈ తేడా పేరుకుపోయి, కుజగ్రహానికి 226 కిలోమీటర్ల ఎత్తున పోవలసిన నౌక సుమారు 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోయింది. 1999 సెప్టెంబరు 23న దానితో సంబంధం తెగిపోయింది, మళ్ళీ దొరకలేదు. అంకెలు ఒకరి నుంచి ఒకరికి పోయాయి. వాటి పేరు మాత్రం వెంట పోలేదు.

ఆ రాత్రి నేను ఫంక్షన్ మళ్ళీ వ్రాశాను. ఈసారి పెద్దబాపును పక్కన కూర్చోబెట్టుకుని వ్రాశాను. మొదటి మార్పు: విస్తీర్ణాన్ని ఒకే అంకెగా తీసుకోవటం మానేశాను. ఎకరాలు వేరు, గుంటలు వేరు. ఎందుకంటే కంప్యూటరుకు 2.20కీ 2.2కీ తేడా లేదు. చివరి సున్నాను పారేస్తుంది. అప్పుడది రెండెకరాల రెండు గుంటలా, ఇరవై గుంటలా? ఎవరు చెప్పాలి? చుక్క తర్వాతి భాగాన్ని నూరుతో గుణించి గుంటలు రాబడదామనుకుంటే అదీ మోసమే. పైథాన్‌లో 0.29ని 100తో గుణించి చూడండి, 28.999999999999996 అని వస్తుంది. కంప్యూటరు లోపల అంకెలు రెండు ఆధారంగా ఉంటాయి గనుక 0.29ని అది అచ్చంగా దాచుకోలేదు. దశాంశ భాగం కొట్టేస్తే ఇరవై తొమ్మిది గుంటలు ఇరవై ఎనిమిదవుతాయి. 121 గజాలు ఏ దొంగా లేకుండానే పోతాయి.

రెండో మార్పు: గుంటలు నలభైగాని, అంతకు మించిగాని ఇస్తే లెక్క చేయకుండా "ఇది తప్పు, మళ్ళీ చూసుకోండి" అని ఆగిపోవాలి. తెలియనప్పుడు తెలియదని చెప్పటం ఫంక్షన్‌కైనా మర్యాదే.

మూడో మార్పు పెద్దబాపుదే. "అర గుంట ఉంటే ఏం జేస్తది?" అని అడిగాడు. నాకు ఆ ఆలోచనే లేదు. మా వాటాలే 97 గుంటల అరగుంట చొప్పున వస్తున్నాయి మరి! "పావు గుంట కన్నా తక్కువ ఎవరూ రాయరు" అని కూడా ఆయనే చెప్పాడు. అందువల్ల లోపల లెక్కంతా పావు గుంటల్లో పెట్టాను. ఎకరానికి 160. అప్పుడు అన్నీ పూర్ణాంకాలే, చిల్లర పోయే భయం లేదు.

నాలుగోది పేరు. "గజాలు" అనే పేరు తీసేసి "ఎకరాలు_గుంటల_నుంచి_గజాలు" అని పెట్టాను. చాంతాడంత పేరని మిత్రులు వెక్కిరించారు. వెక్కిరించనీయండి. పైథాన్ మూడో వెర్షనులో పేర్లు తెలుగు లిపిలో కూడా పెట్టుకోవచ్చు గనుక, ఆ పేరు పెద్దబాపు కూడా చదివి "ఆ, ఇప్పుడు సమజయింది" అన్నాడు. చివరికి ఒక్కొక్కరికి రెండెకరాల పదిహేడున్నర గుంటలు, 11,797.5 గజాలు. వేళ్ళ మీద లెక్కా, తెర మీద లెక్కా కలిశాయి. ఆ తర్వాతే ఇద్దరూ తాంబూలం అందుకున్నారు.

ఇక ల్యాబు దగ్గరికి మళ్ళీ వస్తాను. ఫారెన్‌హీటు లెక్కను తీసెయ్యమని నేననటం లేదు. దానిలోనూ నేర్చుకోవలసింది ఉంది, మనం నేర్చుకోవటం లేదు. ఉదాహరణకు, రోగికి జ్వరం రెండు ఫారెన్‌హీటు డిగ్రీలు తగ్గింది. సెల్సియస్‌లో ఎంత తగ్గినట్టు? రెండును మన ఫంక్షన్‌కు ఇస్తే మైనస్ 16.67 అంటుంది. అసలు జవాబు 1.1. తగ్గుదలకు ముప్ఫైరెండు తీసెయ్యకూడదు. థర్మామీటరు మీద ఉన్న అంకె వేరు, రెండు అంకెల మధ్య తేడా వేరు. రెండింటినీ డిగ్రీలనే అంటాం. రికార్డులో ఎంతమందిమి ఈ మాట వ్రాశాం? అవుట్‌పుట్ వచ్చిందా, సంతకం అయిందా అన్నదే చూసుకున్నాం గదా.

"ఇవన్నీ చేసే లైబ్రరీలున్నాయి, పైగా ఇప్పుడు కృత్రిమ మేధను అడిగితే సెకనులో వ్రాసి ఇస్తుంది, ఈ చాదస్తమెందుకు?" అని కొందరు మిత్రులు వాదించారు. వాదనలో బలం లేకపోలేదు. నేనూ వాటిని వాడుతున్నాను. కాని నా మొదటి ఫంక్షన్లో వ్రాతతప్పు ఏముంది గనుక? "ఎకరాలను గజాల్లోకి మార్చు" అని నేను అడిగివుంటే అది కూడా 4840తో గుణించే ఇచ్చేది. అడిగినదానికి అది సరైన జవాబే. తప్పు అడగటంలో ఉంది. మా పాసుపుస్తకంలో చుక్కకు అర్థమేమిటో నేను చెప్పకపోతే దానికెలా తెలుస్తుంది? వ్రాయటం ఎంత సులువయితే, అడగటం అంత ముఖ్యమవుతుంది.

"సిలబసుకే టైము చాలటం లేదు" అన్నది గురువుల మాట. అదీ నిజమే. అందుకే నేను కొత్త పేపరు అడగటం లేదు. ఉన్న ఆ ఒక్క ల్యాబు క్లాసులోనే మూడు పనులు చేయించమని వేడుకుంటున్నాను. ఒకటి, ఏ ఫంక్షన్ అయినా దేన్ని తీసుకుని దేన్ని ఇస్తుందో పేరులోనే ఉండాలి. లేకపోతే సంతకం పెట్టవద్దు. రెండు, ముందే జవాబు తెలిసిన అంకెలతో సరిచూసి, దాన్ని రికార్డులో వ్రాయాలి. ఫారెన్‌హీటుకయితే 32 ఇస్తే సున్నా, 212 ఇస్తే నూరు, మైనస్ 40 ఇస్తే మైనస్ 40 రావాలి. గుంటలకయితే ఎకరం ఇస్తే 4840, నలభై గుంటలిస్తే ఆగిపోవాలి. మూడు, ప్రతి విద్యార్థీ తన ఊరి కొలత ఒకటి పట్టుకొచ్చి, ఆ కొలత వాడే మనిషిని అడిగి తెలుసుకుని ఫంక్షన్ వ్రాయాలి. నెల్లూరులో అంకణమంటే 72 చదరపు అడుగులు. మరో జిల్లాకు పోతే అదే మాటకు కొలత మారుతుంది. మానికలు, తవ్వలు, సోలలు ఇంకా మన వంటిళ్ళలోనే ఉన్నాయి. ఒకే తరగతిలో గుంటలవాడూ, సెంట్లవాడూ, అంకణాలవాడూ పక్కపక్కన కూర్చునే మన కాలేజీలో ఇంతకన్నా మంచి పాఠం ఏముంటుంది? ఒకడి ఫంక్షన్‌ను ఇంకో ఊరివాడు పరీక్షించాలి. అయితే నా రూమ్మేటులా గుణకారం మాత్రం చూసి వదిలెయ్యకూడదు, "మీ వైపు ఇదేమిటి?" అని అడగాలి.

మనలో చాలామందిమి రేపు కంప్యూటరు కొలువుల్లోనే చేరతాం. మనం వ్రాసే ప్రోగ్రాములు భూమి రికార్డులకు, రేషను తూకాలకు, ఆసుపత్రుల్లో మందుల మోతాదులకు పనిచేస్తాయి. వాటి అవతల మన మొహం ఎరగని మనుషులుంటారు. వాళ్ళందరికీ వేళ్ళ మీద లెక్కకట్టి "ఏందిరా ఇది?" అని నిలదీసే పెద్దబాపు ఉండకపోవచ్చు. ఆ ప్రశ్న మనమే ముందుగా వేసుకోవాలి.

ఇప్పుడు నేను ఏ ఫంక్షన్ మొదలుపెట్టినా పైన ఒక లైను వ్రాసుకుంటున్నాను: ఇది ఎవరి కొలత, ఎవరిని అడిగాను? ఆ లైనుకు జవాబు దొరికేదాకా రెండో లైను వ్రాయటం లేదు. మిత్రులు కూడా ఒకసారి అలా చేసి చూడవలసిందిగా కోరుతూ ముగిస్తున్నాను.